కాఫీ క్లబ్బు ముందు వాకిలి

నేను మొదటిసారి కాఫీ తాగింది మదనపల్లె బజారు వీధిలో, ఒక గోడ పక్కన నిలబడి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. చౌడేపల్లె దగ్గర మా ఊరి నుంచి మా నాయన నన్ను మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువుకు చేర్చడానికి తీసుకొచ్చాడు. మా తాత కాలంలోనే మా వాళ్ళు క్రైస్తవంలో చేరారు. ఆదివారం గుడికి పోవడం, ఆడపిల్లలను కూడా బడికి పంపడం మా ఇంట్లో అప్పటి నుంచీ ఉంది. అయితే మా ఇల్లు మాత్రం మాలపల్లెలోనే ఉండేది. ప్రార్థన మారింది గానీ, ఊరి బావి దగ్గర మేము నిలబడే చోటు మారలేదు.

ఊరి నుంచి పుంగనూరు దాకా నడిచి, అక్కడ కుప్పం వైపు నుంచి వచ్చే బస్సు ఎక్కాం. పెట్రోలు దొరక్క ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పెద్ద డ్రమ్ము, దానికి చేత్తో తిప్పే గాలిచక్రం. పుంగనూరు చేరేసరికే బస్సు నీరసపడిపోయేది. మళ్ళీ బొగ్గు పోసి, మంట రాజేసి బయల్దేరేలోగా ప్రయాణికులు తీరిగ్గా భోంచేయవచ్చు. బస్సు ఆగేచోట ఒక అవ్వ పూరిపాకలో సంగటి పెట్టేది. రాగిసంగటి, వేరుశనగలు నూరిన ఊరుబిండి పచ్చడి, చలికాలమైతే అనపగింజల చారు. ఎవరు ఏమిటని ఆమె అడిగేది కాదు. బండ్లు తోలేవాళ్ళ కాలం నుంచీ ఆమె అక్కడే ఉంది. నాకు తెలిసి మూతపడిన మొదటి పూటకూళ్ళ ఇల్లు ఆమెదే. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరికేసరికి బస్సులు పుంగనూరులో అంతసేపు ఆగడం మానేశాయి. ఒకసారి సెలవుకు పోతూ చూస్తే పొయ్యి ఉన్న చోట ఒక పొట్టి ఆవు కట్టేసి ఉంది. అవ్వ ఎక్కడికి పోయిందని కండక్టరును అడిగితే, తెలియదన్నాడు.

కానీ నేను చెప్పదలుచుకున్నది మదనపల్లె కాఫీ క్లబ్బు సంగతి.

బజారు వీధిలో కోర్టుకు పోయే మలుపు దగ్గర ఉండేది అది. ముందు వాకిలి పైన ‘బ్రాహ్మణ కాఫీ క్లబ్బు’ అని నీలం రంగు బోర్డు. లోపల బల్లలు, బెంచీలు. ప్లీడర్లు, వాళ్ళ గుమాస్తాలు, బడి అయ్యవార్లు, కోర్టు పనికో సంతకో వచ్చిన రైతులు కూర్చుని తాగేవాళ్ళు. పక్కన ఒక సందు. ఆ సందులోకి వంటింటి కిటికీ. మాబోటి వాళ్ళం కిటికీ దగ్గర నిలబడాలి. గోడ మీద రేకు గ్లాసులు బోర్లించి ఉండేవి. ఒకటి తీసుకుని పట్టుకుంటే లోపలివాళ్ళు గ్లాసుకు తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్ళు. తాగాక కడిగి మళ్ళీ బోర్లించి పోవాలి.

మా నాయనకు కాఫీ అంటే ఏమిటో వినడమే గానీ తెలియదు. కూతురు కొత్త బతుకులోకి పోతోంది, ఒకసారి తాగించాలని ఆయనకు కోరిక. ఇద్దరం గ్లాసులు పట్టుకున్నాం. ఆయన ఒక గుటక వేసి మొహం ముడిచాడు.

“చేదుగా ఉండాది గదమ్మా.”

“అవును నాయనా.”

“అయినా లోపల కూసోనుండే వాళ్ళంతా ఊరికే తాగరు గదా. రవంత సూద్దాం ఉండు.” గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా తాగి, “ఇప్పుడు తెలస్తాండాది. బాగుండాది,” అన్నాడు.

చదువు సాగిన ఆ ఏళ్ళలో శనివారం మధ్యాహ్నాలు మాకు కాస్త తీరిక దొరికేది. నేనూ, నా గదిలో ఉండే ఇంకో నర్సూ బజారుకు వచ్చి ఆ సందులో నిలబడి కాఫీ తాగి పోయేవాళ్ళం. నిలబడి తాగుతున్నామన్న బాధ నాకు మొదట్లో పెద్దగా ఉండేది కాదు. అదే పద్ధతి అనుకున్నాను. లోపల ఎవరో ఒకరు పేపరు గట్టిగా చదివేవాళ్ళు. బర్మాలో ఏం జరుగుతోందో, గాంధీగారిని ఎప్పుడు విడుదల చేస్తారో, అన్నీ నేను ఆ కిటికీ దగ్గరే విన్నాను. చదివేవాడు సగంలో ఆపి కాఫీ తాగుతుంటే బయట మేము కూడా ఆగేవాళ్ళం.

క్లబ్బు యజమానిని ఊరంతా స్వామి అనేవాళ్ళు. పొడుగ్గా, సన్నగా, నుదుట విభూతితో, ఎప్పుడూ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉండేవాడు. సంతకు వచ్చేవాళ్ళ కోసం ఆయన తండ్రి పెట్టిన భోజనాల ఇల్లే ఆయన చేతికి వచ్చాక కాఫీ క్లబ్బు అయింది. మనిషికి ముక్కుమీద కోపం. ఉప్మాలో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, “ఇంట్లో తినిరా, ఎవరు రమ్మన్నారు?” అనేవాడు. బియ్యానికి రేషను వచ్చినప్పుడు చాలా హోటళ్ళు ఇడ్లీలు మానేశాయి. స్వామి మానలేదు. కొర్రబియ్యంతో ఇడ్లీ పోశాడు. ప్లీడర్లు గొణిగారు. మా ఇంట్లో తిన్న రుచే అది. నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ మాట కిటికీలోంచి వంటవాడికి చెబితే, లోపల గల్లాపెట్టె దగ్గర స్వామి విని, “చూసినారా, తినడం తెలిసినోళ్ళు బయట నిలబడుకోనుండారు,” అన్నాడు ప్లీడర్లతో. వాళ్ళు నవ్వారు. ఆయన అన్న మాటలో ఏముందో ఆయనతో సహా ఎవరూ పట్టించుకోలేదు.

చదువు అయ్యాక నన్ను అదే ఆస్పత్రిలో కాన్పుల వార్డులో వేసుకున్నారు. యుద్ధం ముగిసిన ఏడాది అనుకుంటాను, ఒక రోజు పొద్దున్నే స్వామి ఆస్పత్రికి వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గర నిలబడి, కనిపించిన మనిషినల్లా డాక్టరమ్మ ఎక్కడని అడుగుతున్నాడు. డాక్టరమ్మ పల్లెల్లో క్యాంపుకు పోయి ఉంది. నేను బయటికి వచ్చాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు.

“నర్సమ్మా, నా బిడ్డ తొలికానుపుకు వచ్చింది. నిన్నటి నించి నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మ లేకపోతే ఎట్ల?”

“నేను వస్తాను సామీ. పెద్ద సిస్టరుకు చెప్పి పెట్టె తెచ్చుకుంటా.”

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. దారి పొడుగునా నా ముందు పరుగులాంటి నడకతో పోతూ, ప్రతి మలుపు దగ్గరా నేను వస్తున్నానో లేదో వెనక్కి తిరిగి చూశాడు.

ఇల్లు క్లబ్బుకు వెనకవైపే. గడప దగ్గర స్వామి భార్య నిలబడి ఉంది. నన్ను చూసి ఆమె అడ్డు తప్పుకోలేదు, లోపలికి రమ్మననూ లేదు. స్వామి గొంతు పెంచి ఆమెను పేరుపెట్టి పిలిచాడు. లోపలి నుంచి కూతురి కేక వినిపించింది. అప్పుడు ఆమె పక్కకు జరిగి, “రామ్మా, తొందరగా రా,” అంది.

బిడ్డ కాళ్ళు ముందుగా వస్తున్నాయి. అలాంటి కాన్పులు నేను డాక్టరమ్మ పక్కన నిలబడి చేశాను గానీ ఒంటరిగా ఎన్నడూ చేయలేదు. ఆ అమ్మాయి నా కన్నా చిన్నది. నా మెడ చుట్టూ చెయ్యి వేసి, “అక్కా, నేను చచ్చిపోతానా?” అని అడిగింది. “యాల చచ్చిపోతావు? నేనుండాను గదా,” అన్నాను. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. నోట్లో ఊది, వీపు రుద్ది, కాళ్ళు పట్టి చరిస్తే అప్పుడు ఏడ్చింది.

నేను చేతులు కడుక్కుని బయటికి వస్తుంటే, తలుపు పక్కన పేడనీళ్ళ బొక్కెన సిద్ధంగా ఉంది. నేను పోగానే నడిచిన చోటంతా అలకడానికి. స్వామి భార్య నన్ను చూసి గబుక్కున దాన్ని తలుపు చాటుకు నెట్టింది. నాకు కోపం రాలేదు. ఆమె దాచాలనుకోవడమే నాకు వింతగా అనిపించింది.

బిడ్డనూ తల్లినీ చూడడానికి ఆ తరవాత కొన్నాళ్ళు రోజూ వెళ్ళాను. ఆ అమ్మాయి నాతో మాట్లాడకుండా ఉండలేకపోయేది. ఆమె తల్లి నాకు పెరట్లో కాఫీ ఇచ్చేది, ఇత్తడి గ్లాసులో. తాగి గట్టు మీద పెట్టి వచ్చేదాన్ని.

తరవాత ఒక శనివారం ఎప్పటిలా సందులో రేకు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. స్వామి గల్లాపెట్టె వదిలి బయటికి వచ్చాడు. ఆయన ఆ సందులోకి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

“యాల నర్సమ్మా ఈడ నిలబడుకోనుండావు? ముందర్నించి రా.”

“వద్దులే సామీ. ఈడ బాగనే ఉండాది.”

“ఏం బాగుండాది? నా ఇంట్లోకి వచ్చినావు. నా బిడ్డ పక్కన కూసున్నావు. కాఫీ తాగేదానికి సందులో నిలబడతావా?”

“లోపల పెద్దోళ్ళుండారు సామీ. మీకు యాల ఈ తంటా?”

ఆయన చాలాసేపు నిలబడి ఆ రేకు గ్లాసుల వైపు చూశాడు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. తరవాత కూడా ఒకటి రెండుసార్లు పిలిచాడు. నేను పోలేదు. బిడియం ఒకటి, భయం ఒకటి. అంతకన్నా, నన్ను ఒక్కదాన్నే, చేసిన సాయానికి బదులుగా లోపల కూర్చోబెడితే నా పక్కన నిలబడే వాళ్ళ మొహం ఎలా చూడాలని అనిపించింది. ఆ మాట ఒకసారి ఆయనతో అనేశాను.

“నేను లోపలికి వస్తే నా జతలో నిలబడే ఈమె యాడికి పోవల్ల సామీ?” అని నా స్నేహితురాలిని చూపించాను.

స్వరాజ్యం వచ్చింది. హోటళ్ళలోకి అందరినీ రానివ్వాలని చట్టం చేశారని పేపర్లో పడింది. ఆ వార్తను కూడా నేను సందులోంచే విన్నాను. చదివినవాడు కోర్టు గుమాస్తా ఒకాయన. గుండ్రని కళ్ళద్దాలు, జరీ కండువా. చదివి, “ఇవన్నీ మద్రాసులో చేసే చట్టాలు స్వామీ. మదనపల్లెకు వచ్చేదానికి శానా రోజులు పడతాది,” అన్నాడు. అందరూ నవ్వారు. స్వామి నవ్వలేదు.

“నాకు చట్టంతో పని లేదు,” అన్నాడు.

అలా అన్నందుకు ఆయన చట్టాన్ని ఖాతరు చేయడని వాళ్ళు అనుకున్నారు. మర్నాడు తెల్లారేసరికి బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట పైన సున్నం కొట్టి ఉంది. సందులో రేకు గ్లాసులు లేవు. వంటింటి కిటికీ మూసేసి ఉంది. ఆస్పత్రికి ఎవరితోనో కబురు పంపాడు: నర్సమ్మను తన జతవాళ్ళందరినీ తీసుకుని ముందు వాకిలి నుంచి రమ్మన్నానని.

ఆ రోజు మా నాయన ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. కంటి మీద పొర వచ్చి, చూపించుకోవడానికి. నేనూ, నా స్నేహితురాలూ, ఆయనా ముగ్గురం పోయాం. వాకిలి దగ్గర మా నాయన చెప్పులు విడిచాడు. “చెప్పులు వేసుకోనే పోతారు నాయనా,” అంటే వినలేదు. లోపలికి వచ్చాక కూడా ఆయన కూర్చోలేదు.

“నేను ఈడ్నే నిలబడుకోని తాగుతాలేమ్మా. నాకు అలవాటే గదా.”

స్వామి స్వయంగా వచ్చి బెంచీ తుడిచాడు. “కూసో పెద్దాయనా. నిలబడుకోని తాగితే రుచి తెలీదు.”

మా నాయన బెంచీ అంచున కూర్చున్నాడు. బరువంతా కాళ్ళ మీదే ఉంది. ఇత్తడి గ్లాసుల్లో కాఫీ వచ్చింది. అప్పుడు కళ్ళద్దాల గుమాస్తా లేచాడు. గ్లాసులో కాఫీ సగం ఉంది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికి నడిచాడు. ఆయన వెనక ఇద్దరు అయ్యవార్లు. ఆ తరవాత మిగిలినవాళ్ళు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. బెంచీలు నేలకు రాసుకుంటూ జరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఒక్క మనిషి మాత్రం మిగిలాడు. మూల బల్ల దగ్గర మా ఊరి రెడ్డి. ఆయన పొలంలోనే మా నాయన బతుకంతా పని చేశాడు. ఆయనను చూడగానే మా నాయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసి లేవబోయాడు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. రెడ్డి నిదానంగా తన కాఫీ చివరిదాకా తాగాడు. మూతి తుడుచుకుని లేచి, మా బల్ల దగ్గర ఆగాడు.

“ఏమిరా, కాఫీ బాగుండాదా?”

“బాగుండాది రెడ్డీ.”

“ఊఁ,” అని ఆయన వెళ్ళిపోయాడు. అందులో వెక్కిరింత ఉందో, మంచితనం ఉందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఊళ్ళో ఆ మాట ఆయన ఎత్తలేదు. మా నాయనను పనిలోంచి తీసేయలేదు. కానీ మళ్ళీ ఆ క్లబ్బులో అడుగు పెట్టలేదు.

మా నాయన ఆ కాఫీ తాగాడు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ, “ఆయప్ప మంచోడే. కానీ మనం పోకుండా ఉండాల్సిందమ్మా,” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. దారంతా ఆయనతో వాదించాను.

ఆ తరవాత ఏమైందో చెప్పడం కష్టం. ఎందుకంటే ఏ ఒక్క రోజూ పెద్దగా ఏమీ జరగలేదు. వంటవాడు ఊరికి పోయివస్తానని పోయి రాలేదు. బస్టాండు ఎదుట కొత్త హోటలు ఒకటి తెరిచారు. పాలరాయి బల్లలు, రేడియో. చట్టాన్ని వాళ్ళు కాదనలేదు. మాబోటి వాళ్ళు పోతే “లోపల చోటు లేదు” అనేవాళ్ళు, అంతే. గుమాస్తాలూ అయ్యవార్లూ అక్కడ చేరారు. స్వామి మనవరాలి అక్షరాభ్యాసానికి పురోహితుడు ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. ఆ పని స్వామే తన చేతుల మీదుగా చేసుకున్నాడు.

మేము ఊరికే ఉండలేదు. నర్సులందరం మాట్లాడుకుని వంతులు వేసుకున్నాం. రోజూ ఎవరో ఒకరం పోవాలని. మిషన్ బడి పంతులమ్మలను పిలిచాం. రోగుల వెంట వచ్చిన వాళ్ళకు, కలకడ నుంచి, చౌడేపల్లె నుంచి వచ్చిన వాళ్ళకు, “బజారు వీధిలో స్వామి క్లబ్బు ఉండాది, లోపల కూసోని తినండి,” అని చెప్పేవాళ్ళం. కొందరు పోయేవాళ్ళు. చాలామంది వాకిలి దాకా పోయి, సందు కోసం వెతికి, అది మూసి ఉంటే వెనక్కి వచ్చేసేవాళ్ళు. మాకు హాస్టల్లోనే భోజనం. ఎన్ని కాఫీలని తాగగలం? జట్కావాళ్ళు పొద్దున్నే వచ్చేవాళ్ళు గానీ వాళ్ళకు టీ కావాలి. స్వామి టీ పెట్టడం నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన టీ బాగుండేది కాదు. ఎవరూ ఆయనకు ఆ మాట చెప్పలేదు.

ఆయన భార్య వంటింట్లో చేరింది. ఇద్దరే చేసుకునేవాళ్ళు. ఆ బెంచీలన్నీ ఆమె పొద్దున్నే తుడిచేది. తుడిచినవి తుడిచినట్టే ఉండేవి. పేపరు తెప్పించడం మానేయలేదు స్వామి. చదివేవాళ్ళు లేక నన్ను చదవమనేవాడు. నేను గట్టిగా చదువుతుంటే ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి వినేవాడు. గాంధీగారు పోయిన వార్త ఆ క్లబ్బులో నేనే చదివాను. చదవలేక ఆగిపోతే ఆయన తీసుకుని మిగిలింది చదివాడు.

ఇంకో వేసవి గడవకముందే ఆయన మూసేశాడు. అదే చివరి పూట అని నాకు తెలియదు. ఎప్పటిలా పోతే, బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. స్వామి నన్ను చూసి ఒక బెంచీ దించి, పొయ్యి మీద మిగిలిన డికాక్షనుతో కాఫీ కలిపి తెచ్చాడు.

“కుప్పం పోతాండాము,” అన్నాడు. “అల్లునికి ఆడ రైల్వేలో ఉద్యోగం. కూతురు శానా రోజుల్నించి రమ్మంటాండాది.”

“మావల్లే గదా సామీ ఇదంతా.”

“గమ్మునుండు. మీవల్ల యాల అవుతాది? మా నాయన నాటి నించి ఆ సందులో మీకు పైనుంచి పోస్తా ఉంటిమి. తప్పని ఒక్కనాడూ తోచలేదు. నా బిడ్డ చావుబతుకుల్లో ఉంటే గానీ తోచలేదు. అప్పుడు తోచింది కూడా నా బిడ్డ కోసమే గదా.” వీధి వైపు చూసి, “మీకు ఈ వాకిలి ఇంగ కొంచెం ముందే తెరిచింటే, నాకు ఒంట్లో బలముండేది. ఇంకో ఊర్లో ఇంకో క్లబ్బు పెట్టుకునే వాడిని,” అన్నాడు.

నేను గ్లాసు కడగడానికి వంటింట్లోకి పోయాను. స్వామి భార్య సామాన్లు గోనెలో సర్దుతోంది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

“ఆ రోజు నువ్వు రాకపోయింటే నా బిడ్డ దక్కేది కాదు. నువ్వు వచ్చినావు కాబట్టే ఇదంతా అయింది. నీకు దండం పెట్టల్లో, నిన్ను తిట్టల్లో నాకు తెలీడం లేదమ్మా.”

ఆమె ఆ గ్లాసు తుడిచి మిగతా గ్లాసులతో పాటు గోనెలో పెట్టింది. నేను ముందు వాకిలి నుంచే బయటికి వచ్చాను. వీధిలో నిలబడి ఏడ్చాను. జట్కావాడొకడు బండి ఆపి, ఎక్కమ్మా, డబ్బులొద్దు, ఆస్పత్రి దగ్గర దింపుతానన్నాడు.

క్లబ్బు గదుల్లో సైకిళ్ళు బాడుగకు ఇచ్చే అంగడి వచ్చింది. బజారు వీధిలో ఇంకో రెండు పాత పూటకూళ్ళ ఇళ్ళు కూడా ఆ రోజుల్లోనే మూతపడ్డాయి. ఒకటి బట్టల అంగడి అయింది, ఒకటి వడ్డీ వ్యాపారి ఇల్లు. పొద్దున్నే ఆ వీధిలో నడిస్తే తగిలే పోపు వాసన పోయింది. దాని చోట రబ్బరు ట్యూబుల వాసన.

ఏడాది తిరిగిందో లేదో, బస్టాండు హోటలువాళ్ళు కూడా అందరినీ కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఎవరో పైఅధికారి వచ్చి గట్టిగా చెప్పాడట. ఒక రోజు నేను పోయాను. చోటు లేదని ఎవరూ అనలేదు. పక్క బల్ల దగ్గర కళ్ళద్దాల గుమాస్తా ఉన్నాడు. నన్ను చూశాడు. లేస్తాడేమోనని నేను గ్లాసు పట్టుకుని ఎదురుచూశాను. ఆయన పేపరు తిప్పి చదువుకున్నాడు. అంతే. స్వామి తన ఇల్లు, వాకిలి, సంపాదించుకున్న పేరు అన్నీ పోగొట్టుకుని ఇచ్చినదాన్ని ఈ హోటలువాళ్ళు ఏమీ పోగొట్టుకోకుండా ఇచ్చేశారు. నాకు సంతోషం కలగాల్సింది. కోపం వచ్చింది. ఆ గుమాస్తా మీద కూడా కాదు, ఎవరి మీదో తెలియని కోపం.

ఆ తరవాత పిల్లలకు టీకాలు వేసే క్యాంపుకు నన్ను కుప్పం పంపారు. రైలు స్టేషను దగ్గర ఉన్న ఇళ్ళలో అడిగితే స్వామి కూతురి ఇల్లు తొందరగానే దొరికింది. ఆ అమ్మాయి నన్ను చూసి వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆమె కూతురు చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక నిలబడింది. టీకా వేస్తే ఆ పిల్ల వీధి అంతా వినబడేట్టు ఏడ్చింది.

స్వామి భార్య నన్ను హాల్లో పీట మీద కూర్చోబెట్టి అన్నం వడ్డించింది. ఇంట్లోవాళ్ళకు వేసేలాంటి ఆకులోనే. నెయ్యి వేస్తూ, “ఈడ మమ్మల్ని ఎరిగినోళ్ళు లేరమ్మా. అరవం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు. ఎవరింటికి ఎవరొచ్చినా అడిగే దిక్కు లేదు,” అంది. ఆమె మెత్తబడింది. కానీ ఎవరూ చూడని చోటు దొరికాక మెత్తబడింది. ఆ అన్నం తింటూ నేను దాని గురించే ఆలోచించాను. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

స్వామి బాగా చిక్కిపోయాడు. వంట జోలికి పోవడం లేదట. పొద్దున స్టేషను దాకా నడిచి, రైళ్ళు చూసి రావడమే పని. సాయంత్రం నన్ను క్యాంపు దాకా దిగబెట్టడానికి నాతో నడిచాడు. క్లబ్బు ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను, సైకిళ్ళ అంగడి సంగతి. బస్టాండు హోటలు సంగతి కూడా చెప్పాను. గుమాస్తా పక్క బల్ల దగ్గరే కూర్చున్నాడని, లేవలేదని.

ఆయన నడక ఆపాడు.

“లేవలేదా?”

“లేవలేదు సామీ.”

గూడ్సు రైలు ఒకటి పోయేదాకా గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆ చప్పుడు తగ్గాక ఆయన అడిగాడు.

“కాఫీ ఎట్లుండాది ఆడ?”

“బాగలేదు సామీ. నీళ్ళ కాఫీ.”

“చికోరీ ఎక్కువ ఏస్తారు,” అన్నాడు. “అయినా నువ్వు మానొద్దు. పోతా ఉండు. మీ జతోళ్ళను పిలుచుకోని పో.”

గేటు తెరిచారు. ఆయన అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. క్యాంపు ముగిసి మదనపల్లె వచ్చేశాక నాకు మళ్ళీ కుప్పం పోయే పని పడలేదు. మరుసటి వానాకాలంలో స్వామి కూతురి దగ్గర నుంచి వచ్చిన మనిషి ఒకాయన ఆస్పత్రికి వచ్చి, స్వామి పోయాడని చెప్పాడు. ఆ రోజు డ్యూటీ అయ్యాక, నేనూ నా స్నేహితురాలూ బస్టాండు హోటలుకు పోయాం. రేడియో మోగుతోంది, జనం నిండుగా ఉన్నారు. మాకు చోటు దొరకడానికి కాసేపు నిలబడాల్సి వచ్చింది. అందరూ అలాగే నిలబడి ఉన్నారు.